మా తాసి చూపుడువేలు

మా తాసి జిగ్బోదికి ఒకే ఒక్క అలవాటు ఉంది. డోలు బృందంలో ఎవరైనా తప్పు వాయిస్తే ఆమె వెంటనే లేస్తుంది, వెంటనే వేలెత్తి చూపిస్తుంది, వెంటనే తిట్లు మొదలుపెడుతుంది. అన్నీ వెంటనే జరుగుతాయి. కాకపోతే ఆ వేలు తప్పు చేసినవాడి మీద పడదు. ఎప్పుడూ పక్కవాడి మీదే పడుతుంది.

తాసి అంటే మేనత్త. మా నాన్నకి పెద్దక్క. జిగ్బోది అంటే మా భాషలో ఓర్పు అని అర్థం. ఆ పేరు పెట్టిన మా ముత్తవ్వని ఊళ్ళో అందరూ నిలదీసేవారట. "నన్నేం చేయమంటారు? పేరు పెట్టేటప్పుడు అది నిద్రపోతోంది" అనేదట ఆవిడ.

కేటా సరస్సు ఒడ్డున బతికే మా ఎవే తెగ జనంలో ప్రతి డోలు బృందానికీ ఒక కాడా ఉంటారు. కాడా అంటే కొరడా. ఆలస్యంగా వచ్చినవాళ్ళని లాక్కురావాలి, నీడలో కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళని ఆటలోకి తోలాలి, తప్పు వాయించినవాణ్ణి అక్కడికక్కడే పట్టుకుని జరిమానా వేయాలి. జరిమానా అంటే బృందానికి ఒక సీసా తాటి సారా. కాడా వేలు చూపించాక ఎవరూ ఎదురు మాట్లాడకూడదు. ఆట జరిగే వలయంలో ఆ వేలే న్యాయస్థానం. మా కుటుంబ బృందానికి నేను పుట్టకముందు నుంచీ తాసే కాడా. కొరడా పేరుతో చేతిలో ఒక కొబ్బరి ఈనె పట్టుకుని తిరుగుతుంది. దాంతో ఇప్పటిదాకా దెబ్బ తిన్నవి ఈగలే.

మా బృందంలో గంట అన్నిటికీ మూలం. ఇనుప గంటని కర్రపుల్లతో కొడతారు. అది ఆగదు, మారదు, తొందరపడదు. దాన్ని పట్టుకుని సొరబుర్ర గిలకలు నడుస్తాయి, గిలకల మీద చిన్న డోలు, మధ్య డోలు ఎక్కుతాయి, అన్నిటి మీదా మనిషెత్తు పెద్ద డోలు మాట్లాడుతుంది. గంట తప్పితే ఇల్లు కూలినట్టే. ఆ గంట మా దొత్సే మామయ్యది. తాసి మొగుడు. ఆయన గంట తప్పగా నేను వినలేదు, మా నాన్న కూడా వినలేదు. ఒకసారి వాయిస్తుండగా కందిరీగ ఆయన ముక్కు మీద కుట్టింది. ముక్కు టమాటా అంత అయింది. కళ్ళలోంచి నీళ్ళు కారాయి. గంట మాత్రం కందిరీగ వచ్చినట్టు కూడా ఎరగదు.

మరి తాసి వారం వారం పట్టుకునేది ఎవరిని? ఆయన్నే.

దర్జీ సోగ్లో చిన్న డోలు నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. కుట్టుమిషను తొక్కీ తొక్కీ అతని కాలికి దాని లయే అలవాటైపోయింది. కాలు ఒకటి చెబుతుంటే చెయ్యి ఇంకొకటి చేసింది. చిన్న డోలు దబదబా పక్కదారి పట్టింది. దారిన పోయే మేక కూడా ఆగి సోగ్లో వంక చూసింది.

"ఆపండి!" అని లేచింది తాసి. కొబ్బరి ఈనె గాల్లో గిర్రున తిరిగింది. "ఎవడ్రా అది? ఎవడు మా తాతల పరువు తీస్తున్నది? దొత్సే! నువ్వే!"

"నేనా?" అన్నాడు మామయ్య.

"నువ్వు కాకపోతే నీ గంటలోంచి దూకిన దయ్యమా? అదేం గంట? నిద్దట్లో పళ్ళు కొరికినట్టుంది."

"గంట బాగానే కొడుతున్నాను కదా..."

"కాడాకి ఎదురు చెప్తావా? సీసా!"

"పోయినవారం సీసా ఇంకా సగం ఉంది."

"అది పోయినవారం తప్పుకి. ఈ వారం తప్పుకి ఈ వారం సీసా."

అప్పుడు ఎప్పటిలాగే తొగ్బుయి జొర్మెలో కల్పించుకున్నారు. తొగ్బుయి అంటే తాతగారు. ఆయన మా వంశానికి పెద్ద. ఎప్పుడూ తెల్లటి బట్ట భుజమ్మీద వేసుకుని, పైన పిట్ట బొమ్మ చెక్కిన చేతికర్రతో నేల మీద తాళం వేస్తూ ముందు వరసలో కూర్చుంటారు. "దొత్సే, వాదించకు. కాడా మాట కాడా మాటే" అని తీర్పు చెప్పి, లోటా ముందుకి చాపారు. జరిమానా సీసాలో మొదటి గుక్క వంశపెద్దది. ఆయన న్యాయదీక్షకి అదీ ఒక కారణం కావచ్చు.

ఈ గొడవంతా జరిగేలోపు సోగ్లో కాలూ చెయ్యీ రాజీపడ్డాయి. మళ్ళీ మొదలుపెట్టేసరికి చిన్న డోలు దారిలోకి వచ్చింది. దాహం వేసినప్పుడు మా వాళ్ళలో కొందరు కావాలనే తప్పు వాయించేవారని నాకొక అనుమానం. పట్టుబడతామన్న భయం ఎలాగూ లేదు కదా.

ఇంట్లో తాసి ఆయన్ని మర్యాదగా 'ఎఫో' అని, అన్నగారిని పిలిచినట్టు పిలుస్తుంది. ఆయన కంచంలో పెద్ద చేపముక్క వేస్తుంది. వలయంలో అడుగుపెడితే చాలు, ఎఫో కాస్తా ఉత్త దొత్సే అయిపోతాడు.

ఆ వేలు డోళ్ళ దగ్గర ఆగేది కాదు. పెరట్లో ఎండబెట్టిన కర్రపెండలాన్ని మేకపిల్ల తినేస్తే తాసి వెళ్ళి గొర్రెపోతుని తిట్టింది. గొర్రెపోతు పాపం అప్పుడే నిద్ర లేచింది. గుడిసెకి కట్టేసి ఉంది కూడా. చర్చిలో కొత్తగా వచ్చిన పాస్టరు ప్రసంగం మధ్యలో ఏం చెప్పాలో మరిచిపోయి నోరు తెరిచి నిలబడిపోతే, తాసి లేచి హార్మోనియం వాద్యకారుడి మీద విరుచుకుపడింది. "నువ్వు ఆ పెట్టె మీద అలా గొణిగితే ఆయనకి మాట ఎలా వినిపిస్తుందయ్యా?" వాద్యకారుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. జనం పడీ పడీ నవ్వారు. నవ్వులు అయ్యేసరికి పాస్టరు గారికి మాట గుర్తొచ్చింది.

మా అన్నయ్య పెళ్ళయిన కొత్తలో వదిన మొదటిసారి మా ఇంట్లో బెండకాయ పులుసు వండింది. అక్ప్లె అనే మొక్కజొన్న పిండి ముద్ద ముంచి నోట్లో పెట్టుకున్న ప్రతి ఒక్కరి కళ్ళూ గుండ్రంగా అయ్యాయి. సముద్రాన్ని గిన్నెలో పోసినట్టుంది ఉప్పు. వదిన తల దించుకుంది. తాసి మాత్రం గిన్నెలోంచి చేపని తోక పట్టుకుని పైకెత్తింది.

"ఏమే! సముద్రంలో తాగిన ఉప్పు చాలక మా పులుసులో కూడా కక్కాలా? ఈ చేపని ఎవరు కొన్నారు?"

"నేనే" అన్నాడు దొత్సే మామయ్య నిట్టూరుస్తూ. ఆయన ఆ రోజు బజారుకే వెళ్ళలేదు.

ఇలా పేరు మోసిన మనిషిని పక్క వాడవాళ్ళు ఊరికే వదులుతారా? మాకూ కింది వాడకీ తరతరాలుగా ఎగతాళి పాటల పోటీ ఉంది. వాళ్ళు తాసి మీద ఒక పాట కట్టి మా ముందే పాడారు:

"జిగ్బోది చెవులు రెండూ సరస్సులో పడ్డాయి,
ఒకటి పీత ఎత్తుకెళ్ళె, ఒకటి చేప మింగేసె,
తప్పెవరిదో తెలియాలంటే పీతనడగండి,
పీత చెప్పకుంటే పోయి చేపనడగండి!"

మేమంతా సిగ్గుతో చచ్చిపోయాం. తాసి మాత్రం నడుముకి బట్ట బిగించి కట్టుకుని వాళ్ళ వలయం మధ్యకి వెళ్ళింది. భుజాలు వెనక్కి విరిచి, మోచేతులు రెక్కల్లా ఆడిస్తూ ఆ పాటకే ఆడింది. అంత బాగా ఆమె మా పాటలకి కూడా ఆడలేదు. పాట అయ్యాక వాళ్ళ ముఖ్య గాయకుడి వైపు వేలు చూపించి, "చప్పట్లు తప్పు కొట్టావు" అని చెప్పి వచ్చేసింది. అతని రెండు చేతుల్లో గిలకలున్నాయి.

నేను గిలకల వరసలో కూర్చుంటాను. నలుగురి ముందుకి వచ్చి ఆడాలంటే నాకు వణుకు. సొరబుర్ర వెనక దాక్కోవడం నయం. మొదట్లో ఒకసారి నా గిలక తప్పింది. తాసి చూపు నా మీద పడింది. పడి, నా మీదుగా జారి, పక్కనున్న లావుపాటి అఫెఫా పిన్ని మీద ఆగింది. "అఫెఫా! నిద్రపోతున్నావా?" పిన్ని గిలక వాయించడంలో ఊరందరికీ గురువు. ఆవిడ పెద్దగా నవ్వి, "క్షమించు కాడా" అని నా మోకాలి మీద తట్టింది. అప్పుడు నేను అదృష్టం అనుకున్నాను.

ఇక మా పెద్ద డోలు గురించి చెప్పాలి. దాన్ని వాయించేది మా అకోర్లి పెదనాన్న. తాసికి అన్న. కొయ్య ఊతకి ఏటవాలుగా ఆనించిన ఆ డోలు పక్కన, కుడిచేతిలో కర్రతో, ఎడమ అరచెయ్యి తోలు మీద ఆన్చి ఆయన నిలబడితే, కేటా సరస్సు అవతలి ఒడ్డున ఉల్లి మడులకి నీళ్ళు పెట్టేవాళ్ళు కూడా నడుము ఎత్తి వినేవారు. మా ఆడవాళ్ళు ఆడే అత్సియా ఆటలో పెద్ద డోలు ఒక్కొక్క అడుగునీ పిలుస్తుంది. కూర్చోమంటే కూర్చుంటారు, తిరగమంటే తిరుగుతారు. గుర్రపు తోక కుచ్చులు పట్టుకున్న ఆడవాళ్ళంతా ఒక్క దెబ్బకి ఒక్కసారిగా వెనక్కి తిరిగినప్పుడు, మా వంశంలో పుట్టినందుకు ఒళ్ళు పొంగిపోతుంది. నేను పుస్తకాల్లో ఎన్నో గొప్ప వాక్యాలు చదివాను. ఆ పిలుపంత సూటిగా ఉన్న వాక్యం ఇంకా కనపడలేదు.

మా దగ్గర పెద్ద డోలు ఎవరు వాయిస్తే వాళ్ళింట్లోనే అది ఉంటుంది. పెదనాన్న ఇంట్లో తలుపు పక్కన దాని చోటు. పెద్దమ్మ రోజూ సాయంత్రం దానికి బట్ట కప్పేది. పొద్దున్నే తీసి, మనిషికి చెప్పినట్టు "తెల్లారింది" అని చెప్పేది.

పోయిన వానాకాలం పెదనాన్నకి జబ్బు చేసింది. లేచి తిరుగుతున్నారు, వలలు అల్లుతున్నారు, జోకులేస్తున్నారు. కానీ ఎడమచెయ్యి పాతచెయ్యి కాదు. చెప్పిన పని చేసే ముందు కాస్త ఆలోచించుకుంటుంది. వల అల్లేటప్పుడు ఆలోచించినా ఫరవాలేదు. డోలు మీద ఆలోచిస్తే కుదరదు.

కుటుంబ పండుగ దగ్గర పడింది. ఏటా మా వంశం శాఖలన్నీ ఊళ్ళో కలిసే రోజది. ఈసారి సరిహద్దు అవతల లోమే నగరంలో ఉండే శాఖవాళ్ళు కూడా బస్సుల్లో వస్తున్నారు. తొగ్బుయి జొర్మెలో అందర్నీ తన వాకిట్లోకి పిలిచారు.

"అకోర్లి, కోపం తెచ్చుకోకు" అన్నారాయన. "లోమే వాళ్ళు వాళ్ళ డోలుగాళ్ళతో వస్తున్నారు. వాళ్ళ ముందు పెద్ద డోలు తడబడితే మన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? మా సెనాను ఉన్నాడు. చేతిలో మెరుపుంది. ఈసారికి వాణ్ణి వాయించనీ."

ఈసారికి అంటే ఎప్పటికీ అనే. అది అక్కడున్న అందరికీ తెలుసు. సెనాను తొగ్బుయి కొడుకు. మంచివాడే. ఆ మాటకి తనే ఇబ్బందిపడి కాళ్ళ వంక చూసుకుంటున్నాడు.

పెదనాన్న తన ఎడమచెయ్యి వంక ఒకసారి చూసుకున్నారు. తర్వాత అన్నారు. "ఈ పండుగకి నేనే వాయిస్తాను, తొగ్బుయి. తప్పితే డోలు నేనే మోసుకొచ్చి మీ తలుపు పక్కన పెడతాను."

"తప్పిందని ఎవరు చెప్తారు?" అంది తాసి.

"కాడావి నువ్వే కదా, నువ్వే చెప్పాలి" అన్నారు తొగ్బుయి.

వాకిలంతా ఘొల్లుమంది. "ఇంకేం, తేలిపోయినట్టే!" అన్నాడు సోగ్లో. "పీతని కూడా పిలవండి సాక్ష్యానికి" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"నవ్వకండి!" తొగ్బుయి కర్రతో నేల మీద కొట్టారు. "కాడా మాట కాడా మాటే. మా తాతల నాటి కట్టుబాటు. కాకపోతే నేను పెద్ద డోలు పక్కనే కూర్చుంటాను. నా చెవులు రెండూ తలకే ఉన్నాయి. సరస్సులో పడలేదు."

ఆ తర్వాత ప్రతి సాయంత్రం పెదనాన్న పెరట్లోంచి డోలు వినిపించేది. మా గోడకి అవతలే కాబట్టి నేను పుస్తకం తెరిచి పెట్టుకుని, పేజీ తిప్పకుండా వినేదాన్ని. కూర్చోమనే పిలుపు బాగుంది. ముందుకు రమ్మనే పిలుపు దివ్యంగా ఉంది. వెనక్కి తిరగమనే పిలుపు దగ్గరే వచ్చింది చిక్కు. అందులో ఎడమ అరచేత్తో వెంట వెంటనే దెబ్బలు పడాలి. ఒకరోజు పడేవి. ఒకరోజు చివరిది ఆలస్యంగా, దారి తప్పిన చుట్టంలా వచ్చేది. వెంటనే పెరట్లో తాసి గొంతు లేచేది. "వదినా, ఆ రోకలి చప్పుడేంటి మధ్యలో!" పెద్దమ్మ ఆ టైములో రోలు దగ్గర ఉండదు.

పండుగ రోజు ఊరంతా ఒకే బట్టలో మెరిసింది. మా వంశం కోసం అచ్చు వేయించిన నీలం బట్ట, మీద డోలు బొమ్మ. కుట్టింది సోగ్లో కాబట్టి సగం మంది ఊపిరి బిగబట్టి నడుస్తున్నారు. పెద్దలు నేల మీద నీళ్ళూ సారా వదిలి పూర్వీకుల్ని పిలిచారు. లోమే నుంచి వచ్చిన అవ్వలు మా పిల్లల బుగ్గలు పిండి, "ఈ ముక్కు మనదే" అని గుర్తుపట్టారు. వేయించిన చేపల వాసన, సముద్రం గాలి, కొత్త బట్ట వాసన. అందరూ వలయం చుట్టూ చేరారు.

దొత్సే మామయ్య గంట ఎత్తుకున్నాడు. గిలకలవాళ్ళం కలిశాం. చిన్న డోలు ఎక్కింది, సోగ్లో కాలు బుద్ధిగా ఉంది. మధ్య డోలు బదులు పలికింది. అప్పుడు పెదనాన్న కర్ర ఎత్తి పెద్ద డోలుని మాట్లాడించారు. లోమే అవ్వ ఒకావిడ "ఆఁ, ఇదీ!" అని తొడ చరిచింది. మా ఆడవాళ్ళు కుచ్చులు ఆడిస్తూ వరసగా వలయంలోకి వచ్చారు. కూర్చోమంది డోలు, కూర్చున్నారు. రమ్మంది, వచ్చారు. మా పెద్దమ్మ మొదటి వరసలో, గడ్డం పైకెత్తి, పెళ్ళికూతురిలా ఉంది. నా గిలక దానంతటదే ఆడుతోంది. ఆ క్షణంలో ప్రపంచంలో మా అంత గొప్పవాళ్ళు లేరు.

తొగ్బుయి మాట ప్రకారం పెద్ద డోలు పక్కనే కూర్చున్నారు. ఒక చెయ్యి చెవి వెనక, ఇంకో చెయ్యి కర్ర మీద. అలవాటు కొద్దీ కర్ర నేల మీద టక్కుటక్కుమంటూ తాళం వేస్తోంది.

వెనక్కి తిరగమనే పిలుపు వచ్చింది. కుడిచేతి కర్ర సరిగ్గా పడింది. ఎడమ అరచెయ్యి లేచింది. లేచి, ఆలోచించింది.

చివరి దెబ్బ ఆలస్యంగా పడింది. ఆడవాళ్ళలో సగం మంది తిరిగారు, సగం మంది తిరగలేదు. పెద్దమ్మ, ఆమె వెనకావిడ ఎదురెదురుగా నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెదనాన్న మొహంలో రక్తం లేదు. తొగ్బుయి కర్ర పైకి లేచింది, నోరు తెరుచుకుంది.

"ఆపండి!"

తాసి వలయం మధ్యలో ఉంది. ఎలా వచ్చిందో తెలియదు. కొబ్బరి ఈనె గాల్లో గిర్రున తిరుగుతోంది. మా వాళ్ళందరి తలలూ అలవాటుగా దొత్సే మామయ్య వైపు తిరిగాయి. ఆయన అప్పటికే గంట కింద పెట్టి చెయ్యెత్తాడు.

"నేనే, నేనే. సీసా తెస్తున్నాను."

"నువ్వు కూర్చో దొత్సే! ప్రతిసారీ నువ్వేనా? మిగతావాళ్ళు తప్పు చేయొద్దా ఏంటి?"

వేలు కదిలింది. గిలకల మీదుగా వెళ్ళింది. సోగ్లో కళ్ళు మూసుకున్నాడు. చిన్న డోలు దాటింది, మధ్య డోలు దాటింది. పెద్ద డోలు దగ్గరికి వచ్చింది. వేలు పెద్ద డోలు కూడా దాటి, పక్కనే తెల్లబట్టలో ఉన్న మనిషి మీద ఆగింది.

"ఆ కర్ర!" అంది తాసి.

"ఏ కర్ర?" అన్నారు తొగ్బుయి.

"ఆ పిట్ట కర్రే. మా అన్న పిలవబోతే అడ్డంగా టక్కుమన్నది ఎవరు? డోలు మాట పూర్తి కాకుండా మధ్యలో దూరింది ఎవరు? వంశపెద్దయితే మాత్రం పెద్ద డోలు మీద ఎక్కి మాట్లాడొచ్చా?"

"నేనా! జిగ్బోదీ, నీకేమైనా... తప్పు నాది కాదు, అది..."

వాక్యం పూర్తి కాలేదు. వలయం చుట్టూ ఉన్న మా వంశం మొత్తం, ముసలీ ముతకా, పిల్లా జెల్లా, ఒక్క గొంతుతో అరిచింది:

"కాడా మాట కాడా మాటే!"

లోమే వాళ్ళకి విషయం తెలియకపోయినా ఉత్సాహంగా వాళ్ళూ అందుకున్నారు. అందరికంటే గట్టిగా అరిచింది దొత్సే మామయ్య. ఇన్నేళ్ళ సీసాలు ఆ గొంతులో వినిపించాయి.

"సీసా!" అంది తాసి. "పెద్దమనిషి కాబట్టి పెద్ద జరిమానా. ఒక ఆట కూడా."

"నా మోకాళ్ళు..."

"మోకాళ్ళు తప్పు కొట్టలేదు. కర్ర కొట్టింది. కర్ర అక్కడ పెట్టి రండి."

ఆడవాళ్ళు వెళ్ళి ఆయన్ని రెండు చేతులూ పట్టుకుని లేపారు. తాసి డోలు ఊతని సర్దుతున్నట్టు పెదనాన్న పక్కకి వంగింది. గిలకల వరస అక్కడికి దగ్గరే కాబట్టి నాకు వినపడింది. ఆమెకి అంత చిన్న గొంతు ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

"అన్నా, ఊపిరి తీసుకో. ముసలాయన నెమ్మదిగానే ఆడతాడు. నువ్వూ నెమ్మదిగా పిలువు."

లేచి నిలబడి మళ్ళీ మామూలు గొంతుతో, "దొత్సే! గంట ఎత్తు! నిన్నేమన్నా పండుగ చూడటానికి పిలిచామా? ముసలి మోకాళ్ళకి తగ్గట్టు కొట్టు!" అంది.

గంట కొత్త నడకతో మొదలైంది, బరువుగా, నింపాదిగా. వంశపెద్ద ఆడుతుంటే ఎవరు తొందరపెడతారు? పెదనాన్న పిలుపులు ఒక్కొక్కటి విడిగా, గుండ్రంగా, మధ్యలో చోటు వదులుతూ వచ్చాయి. అవి ఇంత నిదానంగా ఎప్పుడూ వినలేదు. ఒక్కో మాట వెనక ఇంత అర్థం ఉందని కూడా తెలియదు. తొగ్బుయి మొదట అవమానంతో ఆడారు, తర్వాత మర్యాద కోసం ఆడారు, ఆ తర్వాత నిజంగా ఆడారు. తెల్లబట్ట భుజమ్మీంచి జారితే ఎడమచేత్తో రాజులా అందుకున్నారు. వెనక్కి తిరగమనే పిలుపు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎడమచేతికి ఆలోచించుకోవడానికి కావలసినంత సమయం ఉంది. చివరి దెబ్బ, సరిగ్గా ఉండాల్సిన చోట, నేల లోపల్నుంచి వచ్చినట్టు పడింది.

తొగ్బుయి తిరిగారు. ఆయన వెనక ఆడవాళ్ళంతా తిరిగారు. కుచ్చులన్నీ ఒక్కసారి లేచాయి.

లోమే అవ్వ తలకి కట్టుకున్న గుడ్డ విప్పుకుంటూ వలయంలోకి పరుగెత్తింది. ఆ గుడ్డతో పెదనాన్న నుదుటి చెమట తుడిచింది. డోలు వాయించేవాడికి మా దగ్గర అంతకు మించిన సన్మానం లేదు. ఆవిడ వెంట వచ్చిన లోమే డోలుగాళ్ళు పెదనాన్న చేతుల వంక కన్నార్పకుండా చూస్తున్నారు. "ఇంత నిదానంగా పిలవడం మాకు రాదు" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. నా సొరబుర్ర చాటున నేను కళ్ళు తుడుచుకున్నాను. చెమటే అయ్యుంటుంది.

తొగ్బుయి రొప్పుతూ వచ్చి కుర్చీలో కూలబడ్డారు. అందరూ ఎదురుచూస్తున్నారు. ఆయన కర్రని ఒళ్ళో పెట్టుకుని దాని తల మీద పిట్టని కాసేపు చూశారు.

"తప్పు నా కర్రదే" అన్నారు. "డోలు ఎక్కడికీ కదలదు. సెనానూ! రేపటినుంచి నువ్వు మీ అకోర్లి పెదనాన్న ఇంటికెళ్ళి కూర్చో. వేగం ఉందిలే నీకు. మాట ఆయన దగ్గరుంది. నేర్చుకో."

సెనాను మొహం అప్పుడు వెలిగింది. పిలవకుండానే వెళ్ళి డోలు ఊత పట్టుకున్నాడు.

తొగ్బుయి తాసి వైపు తిరిగారు. "నీ చెవుల్ని ఏ చేప మింగిందో గానీ జిగ్బోదీ, ఆ చేపకి దణ్ణం పెట్టాలి" అన్నారు.

"మాటలు కాదు, సీసా" అంది తాసి.

మర్నాడు పొద్దున తాసి పెరట్లో నేనూ దొత్సే మామయ్యా అరుగు మీద కూర్చుని గిలకల దారాలు బిగిస్తున్నాం. లోపల తాసి గిన్నెలు తోముతోంది. నాకు రాత్రంతా ఒక ఆలోచన బుర్రలో తిరుగుతోంది. చదువుకున్నవాళ్ళకి ఉండే జబ్బే, దేన్నీ ఊరికే వదలలేం.

"మామయ్యా, ఒక మాట. నిజంగా చెవి సరిగ్గా లేనివాళ్ళు గుడ్డిగా వేలు చూపిస్తే ఎప్పుడో ఒకసారైనా పొరపాటున సరైనవాడి మీద పడాలి కదా?"

మామయ్య దారం బిగించడం ఆపలేదు. "పడాలి."

"తాసి వేలు ఒక్కసారి కూడా పడలేదు."

"పడలేదు."

"అంటే తప్పెవరిదో ప్రతిసారీ ఆమెకి..."

"మెల్లిగా" అన్నాడు మామయ్య వంటింటి వైపు చూసి. మీసాల్లో నవ్వుకున్నాడు. "సోగ్లోని చూపిస్తే సోగ్లో మళ్ళీ డోలు ముట్టుకుంటాడా? నన్ను చూపిస్తే నాకేం, ఇంకో సీసా తెస్తాను. పెళ్ళికి ముందే అడిగింది నన్ను. 'నీ గంట ఎప్పుడూ తప్పదు కదా, అందరి తప్పులూ నీ మీద పెట్టనా?' అని. నా గంట గురించి అంత గొప్పగా ఎవరూ అనలేదమ్మాయ్. వెంటనే ఒప్పేసుకున్నాను."

నేను లేచి వంటింటి గుమ్మంలోకి వెళ్ళాను. మామూలుగా అయితే నాకు అంత ధైర్యం ఉండదు.

"తాసీ, నీకు తప్పెవరిదో ముందే తెలుసు కదూ? అందరికంటే ముందు నీకే తెలుసు."

తాసి చేతిలో గిన్నె ఆగింది. ఆమె చూపు నా మీద పడింది. పడి, నా మీదుగా జారి, అరుగు మీదకి వెళ్ళింది. సబ్బు నురగతో నిండిన వేలు పైకి లేచింది.

"ఎఫో దొత్సే! పిల్లకి ఈ పిచ్చి మాటలన్నీ నేర్పింది నువ్వేనా?"

"నేనే, నేనే" అన్నాడు మామయ్య దారం కొరుకుతూ. "సీసా ఇప్పుడే తేనా, భోజనం చేసి తేనా?"